చుక్క తీయని కన్ను

పొద్దున్నుంచి నూట ముప్పై ఏడు జోళ్ళు చూసింది సారక్క. ఎడమ బెల్టు మీద పాత యంత్రం వస్తుంది, కుడి బెల్టు మీద దానికి మార్చాల్సిన భాగం వస్తుంది. రెండింటి సంఖ్యలూ చదివి, ఒకటికొకటి పొసగుతాయో లేదో జోడుపట్టిక అనే యంత్రం చెబుతుంది. ఆకుపచ్చ వెలిగితే బిగించాలి. ఎరుపు వెలిగితే రెండూ కరిగించడానికి కొలిమిగంపలోకి పోవాలి. ఈ మాత్రానికి మనిషెందుకని ఎవరైనా అడగొచ్చు. యంత్రహస్తానికి సన్నని స్క్రూల మీద పట్టు దొరకదు, అందుకు. ఆలోచించే పని మాత్రం పట్టికదే. వరంగల్ జోడుకేంద్రంలో ఆరేళ్ళుగా ఇదే వరుస. సారక్కకు దానిమీద పెద్దగా ఫిర్యాదులు కూడా లేవు.

పదకొండింటికి ఆమెకు కిటికీ డ్యూటీ. జనం చేత్తో పట్టుకొచ్చే యంత్రాలను అక్కడ తీసుకోవాలి. ఆ రోజు వచ్చింది ఒక్కడే, కట్టయ్య అనే అరవై ఎనిమిదేళ్ళ పాత బస్సు డ్రైవరు. చంకలో ఒక ఆటపెట్టె ఉంది, కొత్త యంత్రాల తయారీ ఆపేసిన నిలుపుదలకు ముందటిది, డిస్కు వేసి ఆడేది. ఎడమ చేత్తో దాన్ని బల్లమీద పెట్టి, జేబులోంచి సీలు విప్పని చిన్న పొట్లం తీశాడు. అందులో కొత్త కన్ను ఉంది. డిస్కును చదివే లేజర్‌ను ఈ వృత్తిలో అందరూ కన్ననే అంటారు.

కట్టయ్య కథ అడగకుండానే చెప్పాడు. మూడేళ్ళ కింద పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఆసుపత్రివాళ్ళిచ్చిన రబ్బరు బంతిని నెలరోజులు పిసికి, విసుగొచ్చి మంచం కిందికి విసిరేశాడు. వయసులో ఉన్నప్పుడు ఆడిన కార్ల పందెం అటకమీద దొరికితే రోజూ ఆడసాగాడు. తొమ్మిదో నెలలో బొటనవేలు కదిలింది. రెండో ఏడు చొక్కా గుండీలు తనే పెట్టుకున్నాడు. ఆరు వారాల కింద పెట్టె డిస్కు చదవడం మానేసింది. అప్పట్నుంచి వేళ్ళు మళ్ళీ ముడుచుకుంటున్నాయి. ఆ మాట చెప్తూ చొక్కా చూపించాడు. పై రెండు గుండీలు పెట్టుకోకుండానే ఉన్నాయి.

బదులుగా కేంద్రమిచ్చే సమానుభవం అనే కొత్తరకం ఆట తీసుకోమని సారక్క నియమం ప్రకారం చెప్పింది. అదే ఆట, అవే రోడ్లు, డిస్కు అక్కర్లేదు.

“తీసుకున్న బిడ్డా, వారం ఆడిన,” అన్నాడు కట్టయ్య. “నేను తప్పు తిప్పితే అదే సర్దుకుంటది. బండి గోడకు తగలనే తగలదు. ఇగ నా చెయ్యి ఎందుకు కదుల్తది?”

ఆమె పెట్టెనూ పొట్లాన్నీ పట్టిక ముందు పెట్టింది. ఎరుపు వెలిగింది. గ-శ్రేణి కన్ను, ఈ పెట్టెకు పొసగదు, పరీక్షించిన నమూనాలు రెండువేలు, పనిచేసినవి సున్నా. పాత పెట్టెల్లోంచి ఊడదీసిన క-శ్రేణి కళ్ళయితే పొసగుతాయి గానీ, అవి నిండుకుని నాలుగేళ్ళయింది.

రెండువేలకు ఒక్కటి కూడా పనిచేయకపోవడమేమిటని ఆమెకు అప్పుడు తట్టింది. చెడ్డ సరుకులోనైనా పదో పరకో బతుకుతాయి. ఆరేళ్ళలో ఎన్ని ఎరుపులు చూసిందో, ఏ ఒక్కసారీ ఆ సున్నా దగ్గర ఆగలేదు. సీలు పొట్లాలు ఆమె చేతికి రావు, గోదాం నుంచి నేరుగా గంపకే పోతాయి. ఈ పొట్లాన్ని మాత్రం కట్టయ్య ఏ కాలంలోనో కొని దాచుకున్నాడు. పొసగని భాగాన్ని తెరిస్తే హస్తముద్ర రద్దవుతుంది, ఇంక ఏ యంత్రాన్నీ ముట్టుకోనివ్వరు. అది తెలిసే ఆమె సీలు చింపింది.

భూతద్దం కింద కన్ను కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తోంది. దాని పక్కన, రెండు రాగి గీతల మీద, ఆవగింజంత టంకం చుక్క ఉంది.

సారక్కకు నవ్వొచ్చింది. హన్మకొండలో రిపేరు దుకాణం నడిపిన ఆమె మేనత్త ఈ చుక్క గురించి వందసార్లు చెప్పి ఉంటుంది. మనిషి ఒంటిమీది స్థిరవిద్యుత్తు తగిలితే కన్ను పోతుందని కంపెనీవాళ్ళు ఆ రెండు గీతలనూ టంకంతో కలిపేసి పంపేవాళ్ళు. ముందు రిబ్బన్ కేబుల్ తగిలించాలి, ఆ తర్వాతే చుక్క తీయాలి. తీయకపోతే కన్ను వెలగదు. ఏ కాగితంలోనూ ఈ సంగతి రాసి ఉండదు, మెకానిక్ అన్నవాడికి తెలిసే ఉంటుందని వదిలేశారు. యంత్రహస్తానికి మేనత్తలుండరు. చుక్కతోనే కేబుల్ తగిలించి, వెలగలేదని రెండువేలసార్లు రాసుకుంది. పాత పెట్టెల్లోని కళ్ళకు ఏ మెకానికో ఎన్నడో చుక్క తీసేశాడు గనక అవి పనిచేశాయి. ఇన్నాళ్ళూ తన చేత్తో కొలిమికి తోసిన మంచి పెట్టెలు కళ్ళముందు తిరిగి ఆమెకు సిగ్గేసింది.

పెట్టె విప్పి, పాడైన కన్ను తీసేసి, కొత్తదానికి కేబుల్ తగిలించింది. టంకం ఐరన్ కొన వేడిచేసి, చుక్కను ఒక్క తుడుపుతో తీసేసింది. మూత పెట్టి, బల్లమీది తెరకు కలిపి, కట్టయ్య తెచ్చిన డిస్కు వేసింది. డిస్కు గిర్రున తిరిగి, ఒక్క క్షణం తటపటాయించి, తెరమీద రోడ్డు పరిచింది.

కట్టయ్య ఆటపిడిని ఒళ్ళో పెట్టుకుని, కుడి బొటనవేలును ఎడమ చేత్తో ఎత్తి మీట మీద ఉంచాడు. మొదటి మలుపులోనే బండి గోడకు గుద్దుకుంది. రెండోదాంట్లోనూ గుద్దుకుంది. మూడో మలుపులో వేలు కొద్దిగా వంగింది, బండి గోడను రాసుకుంటూ బయటపడింది. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంతలో పర్యవేక్షకుడు వెస్లీ పరుగున వచ్చాడు. ఎరుపు జోడు బిగించినట్టు అతని గదిలో గంట మోగింది. సారక్క చుక్క సంగతి విప్పి చెప్పింది. వెస్లీ చెడ్డవాడు కాదు, భయస్థుడు. తలుపు దగ్గరికేసి, రెండే దారులున్నాయన్నాడు. పెద్దాయనకు పెట్టె ఇచ్చి పంపేసి, గంట పొరపాటున మోగిందని రాసుకుని ఊరుకోవడం ఒకటి. పట్టిక మీద అభ్యంతరం వేయడం రెండోది. అభ్యంతరమేస్తే ఈ పెట్టె నిరూపణ వస్తువవుతుంది, సీలు వేసి దాచాలి, విచారణకు పద్దెనిమిది నెలలు పడుతుంది.

“పద్దెనిమిది నెలలైతే కట్టయ్య కాక చెయ్యి మళ్ళ రాదు సార్,” అంది సారక్క.

“అందుకే అంటున్న, ఊకో. నాలుగింటికి కొలిమి. గంపల్ల ఉన్న పదకొండు వేల కండ్లు పోతయి, పోనీ. రోజూ పోతనే ఉన్నయి కదా.”

“అదే కదా సార్ నా బాధ. వాటి పెట్టెల్ని రోజూ నేనే తోస్తున్న.”

ఆమె పెట్టెను గుడ్డలో చుట్టి కట్టయ్య చంకలో పెట్టింది. రోజూ ఆడమనీ, ఎవరడిగినా ఇవ్వొద్దనీ చెప్పింది. ఆయన గేటు దాటేదాకా చూసి, అభ్యంతర పత్రం తెరిచింది. కారణమనే గడిలో ఉన్న పన్నెండు జవాబుల్లోనూ తప్పు భాగానిదో పనివారిదో అవుతుంది గానీ పరీక్షది కాదు. ఆమె పదమూడోది తనే రాసింది, పరీక్షించిన హస్తం టంకం చుక్క తీయలేదని.

నిరూపణ వస్తువు ఏదని పట్టిక అడిగింది.

గంపలో ఉన్న కళ్ళు, నా చేతులు అని సారక్క రాసింది. ఎన్ని నమూనాలకు నిరూపిస్తారని పట్టిక అడిగింది. నిరూపణకు రాసిన వస్తువును కరిగించకూడదన్న నియమం ఆమెకు కంఠతా వచ్చు, వారానికోసారి దానికింద సంతకం పెడుతుంది. అన్నింటికీ అని రాసింది. ఏ కేంద్రంలోనివని అడిగితే అన్ని కేంద్రాలవీ అని రాసి, హస్తముద్ర ఒత్తేసింది.

గంపలు మోసే బెల్టు ఆగింది. కాసేపటికి వెస్లీ ఫోను మోగడం మొదలైంది. ఖమ్మం బెల్టు ఆగిందట, తర్వాత నల్లగొండది, తర్వాత కర్నూలుది. ముప్పై రెండు కేంద్రాల్లో కలిపి నాలుగు లక్షల కళ్ళు నిరూపణ వస్తువులైపోయాయి. నిరూపణ ముగిసేదాకా నిరూపించే మనిషి హస్తముద్ర రద్దు చేయడానికి లేదని పట్టికే తన నియమం తాను చదువుకుని, ఆమె మీద అప్పటికే రాసిన రద్దు ఉత్తర్వును వెనక్కి తీసుకుంది.

వెస్లీ వేళ్ళమీద లెక్కవేశాడు. ఒక్కోదానికి పావుగంట.

“యాభై ఏండ్లు పడ్తది సారక్కా,” అన్నాడు.

“ఇద్దరమైతే ఇరవై అయిదే సార్,” అని ఆమె రెండో ఐరన్ అతనివైపు జరిపింది.

వెస్లీ తన ఫోను ఆపేసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చుక్క ఎక్కడుంటదో చూపించమన్నాడు.