ఐదో రంగు కింద పేరు

అమావాస్య... మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు!

మొయినాబాద్ దాటి ఎంకపల్లి దారిలో ఉన్న ఆ రేకుల షెడ్డు మీద ఆకాశం ఒక్కసారిగా కాటుక పూసినట్టు నల్లబడింది. ఎక్కడో ఉరుము! దూలం మీద ఒక గుడ్లగూబ, పగటిపూట తెరవకూడని కళ్లు తెరిచి, కింద నిలిపిన కారునే రెప్పవేయకుండా చూస్తోంది...

కారు వెనక సీటులో భవిత ఒక్కతే కూర్చుని ఉంది. పూజకు నాలుగు నిమ్మకాయలు తెమ్మని ఆమె భర్త జ్ఞానేశ్వర్‌ను మొయినాబాద్ పంపించాడు షెడ్డు యజమాని హన్మంతు. అలా పంపించడం ఎందుకో భవితకు తెలుసు. తెలిసే కూర్చుంది.

పెళ్లయి రెండు నెలలు. చేవెళ్లలో పప్పుల వ్యాపారి పరమేశ్వర్ గోదాములో దుమ్ము పట్టి ఉన్న 1949 నాటి మోరిస్ కారును జ్ఞానేశ్వర్ ఆమెకు పెళ్లికానుకగా కొన్నాడు. చూడగానే భవిత చిన్నపిల్లయిపోయింది. తలుపు పక్కనుంచి చిలకముక్కులా పైకి లేచే సిగ్నల్ దీపం! అగ్గిపెట్టెంత సిగరెట్ బూడిద గిన్నె! దాన్ని పదిసార్లు తెరిచి మూసింది. అందులో కుంకుమ పెట్టుకుంటానంటే జ్ఞానేశ్వర్ పడీపడీ నవ్వాడు.

పాత కార్లకు ప్రాణం పోయడంలో హన్మంతును మించినవాడు లేడని అందరూ అన్నారు. ఎడమ కనుబొమ్మ చీలిన ఆ మనిషి కారును చూసి, చాలాకాలానికి కనబడిన బంధువును తడిమినట్టు తడిమాడు. బండి ఇల్లాలి పేరునే ఉండాలని పట్టుబట్టాడు. స్టీరింగుకు తోలు కుట్టేటప్పుడు లోపల యజమానురాలి వెంట్రుక పెట్టడం తమ షెడ్డు ఆనవాయితీ అన్నాడు. జ్ఞానేశ్వర్ సరదా పడి ఆమె దువ్వెనలోంచి తీసి ఇచ్చేశాడు. భవితకు మాత్రం ఆ సరదా గొంతు దిగలేదు.

ఆ మర్నాటి నుంచే ఆమె పెళ్లిగాజులు వదులయ్యాయి... వారానికి మోచేతి దాకా జారసాగాయి!

డాక్టరు రక్తపరీక్షలన్నీ బాగున్నాయన్నాడు. మరి తన ఒంట్లోంచి కరిగిపోతున్నదేమిటి?

షెడ్డులో రంగులు వేసే ముసలాయన సాముయేలు, అసలు రంగు కనుక్కోవడానికి తలుపు మీద అరచేయంత మేర గరుకు కాగితంతో రుద్దుతుంటే, భవిత పక్కన పీట వేసుకుని కూర్చుంది. పొర కింద పొర తేలింది. మెరూను, ఆకుపచ్చ, నీలం, అన్నిటికంటే లోపల వెన్నలాంటి మీగడరంగు. నాలుగు రంగుల నెమలికన్ను! ఆమె చప్పట్లు కొట్టింది.

సాముయేలు నవ్వలేదు. ఒక్కో రంగూ ఒక్కో యజమానురాలిదని చెప్పాడు. నలుగురూ కొత్త పెళ్లికూతుళ్లే. ఏ ఒక్కరూ ఏడాది తిరిగేదాకా బతకలేదు. ప్రతిసారీ బండి మళ్లీ ఈ షెడ్డుకే వచ్చింది, మళ్లీ కొత్త రంగు వేయించుకుంది.

భవితకు చటుక్కున పరమేశ్వర్ కాగితాలతో పాటు ఇచ్చిన పాత ఫొటో గుర్తొచ్చింది. కారు పక్కన మొదటి యజమానురాలు. ఆమెకు తలుపు తీసి పట్టుకున్న డ్రైవరు... చీలిన ఎడమ కనుబొమ్మ... హన్మంతు! డెబ్బై ఐదేళ్ల నాటి ఫొటోలో, ఇవాళ ఉన్న వయసుతోనే!

మర్నాడు ఆమె ఏమీ ఎరగనట్టు ఫొటో వెనకవైపు రాత చూపించి, చదివి పెట్టమని హన్మంతును అడిగింది. అతడు దాన్ని తలకిందులుగా పట్టుకుని, రాత చెరిగిపోయిందన్నాడు. చెరిగిందేమీ లేదు. 'నీలవేణి, చేవెళ్ల' అని ఆ మొదటి యజమానురాలి పేరు స్పష్టంగా ఉంది.

అతడికి అక్షరం ముక్క రాదు!

ఆ మాట భవిత చెప్పగానే సాముయేలు చేతిలోని గరుకు కాగితం జారిపోయింది. షెడ్డులో నాలుగైదు బండ్లు విప్పి ఉంటాయి కాబట్టి, భాగాలు కలిసిపోకుండా ప్రతిదాని మీదా యజమాని పేరు ఎర్రరంగుతో రాయడం ఆయన పని. ఈ ఒక్క కారుకు మాత్రం వెనక సీటు కింది చెక్క మీద కూడా రాయించేవాడు హన్మంతు.

"రెండు పేర్లు మా బాపు రాసిండు బిడ్డా, రెండు నేను రాసిన," అన్నాడు సాముయేలు. "రాసినంక నన్ను బయటికి పంపి, దాని మీద ఏందో మంత్రం గొణుగుతడు. ఆయన వయసు పెరగకున్నా, ఇన్నేండ్లు నేను ఏం అడగలే. నీ పేరు కూడా మొన్ననే రాసిన. తుడిచేస్త."

"తుడిస్తే ఆయనకు తెలుస్తది తాతా. మారుద్దాం." ఆమె ఆయన చెవిలో ఒక పేరు చెప్పింది.

ఆయన కుంచెను ఎర్రరంగులో ముంచాడు...

ఫెళ్లుమని పిడుగు! కారులో కూర్చున్న భవిత ఉలిక్కిపడింది. కారు తలుపులు నాలుగూ వాటంతట అవే బిగుసుకున్నాయి. హన్మంతు డిక్కీలోంచి ఎర్రగుడ్డ మూట విప్పి, కపాలం తీసి బానెట్ మీద పెట్టాడు. అతడి కంఠంలోంచి కర్కశమైన బీజాక్షరాలు బుసలు కొట్టాయి. మంచులాంటి చేయి ఒకటి భవిత వెన్ను మీదుగా పాకి, ఆమె కళ్లలోకి ఎక్కి కూర్చుంది. ఆమె నోరు తెరిచింది. గొంతు ఆమెది కాదు!

"ఎవర్ని తీస్కపోవాలె?"

"ఎప్పటి లెక్కనే నీలవేణీ," అన్నాడు హన్మంతు. "సీటు కింద ఎవ్వరి పేరుంటే వాళ్లను. వాళ్ల ఆయుష్షు నాకియ్యి."

భవిత ఒళ్లు, ఆమె ప్రమేయం లేకుండానే, ముందుకు లేచింది, చేతులు సీటు ఎత్తాయి. ఆమె కళ్లతో ఇంకెవరో చదివారు. షెడ్డు రేకులన్నీ దడదడలాడేలా ఒక నవ్వు...

"డెబ్బై ఐదేండ్ల సంది ఈ పేరు కోసమే చూస్తున్న, హన్మంతు."

అతడి ముఖంలో రక్తం ఇంకిపోయింది. గుమ్మం వైపు పరుగెత్తాడు. ఇంజను ఇంకా మూలన గొలుసుకు వేలాడుతూనే ఉంది. అయినా కారు కదిలింది! ఒట్టి గుల్ల కారు, చప్పుడు లేకుండా, అతణ్ణి గోడకు తరిమి ఆగింది. దొంగిలించిన ఏళ్లన్నీ ఒక్కసారిగా మీదపడ్డాయి. జుట్టు నెరిసింది, రాలింది, చర్మం ఎండుటాకులా ముడుచుకుంది. రేకుల సందులోంచి దిగిన మెరుపు అతణ్ణి తాకింది. గోడ పక్కన పిడికెడు బూడిద మిగిలింది!

గుడ్లగూబ ఎగిరిపోయింది.

నీలవేణి కపాలాన్ని సాముయేలే తన పొలం గట్టున పాతిపెట్టాడు. వానలో తడిసి, నిమ్మకాయలు పట్టుకుని వచ్చిన జ్ఞానేశ్వర్‌కు సంగతంతా నమ్మించడానికి ఆ సాయంత్రమంతా పట్టింది. చివరికి అతడు ఆమె చేయి పట్టుకున్నాడు. గాజులు మణికట్టు దగ్గర, తమ చోట, గలగలమన్నాయి.

కారుకు ఏ రంగు వేయమంటావని సాముయేలు అడిగితే, మొదటి మీగడరంగే వేయమంది భవిత. తర్వాత ముందు అద్దం పైభాగం చూపించింది.

"ఇక్కడ నీలవేణి అని రాయి తాతా. పెద్దగా రాయి. ఈసారి అందరికీ కనబడాలె."