ఆ వీధిలోకి బళ్ళు రావు

మధ్యాహ్నం పన్నెండున్నరకు ఉమాపతి తన కౌలుబండిలో కూర్చుని పెరుగన్నం తింటున్నాడు. బండి తనంతట తానే గోపాలపట్నం వైపు వెళుతోంది. ముందు సీటు వెనక్కి వాలి బల్లగా మారింది. బల్ల మీద ఒక పక్క అన్నం డబ్బా, ఇంకో పక్క పొద్దున రాసిన నివేదిక. టీకా మందులు నిలవ ఉంచే శీతలగదులను తనిఖీ చెయ్యడం అతని ఉద్యోగం. రోజుకు ఆరు ఆసుపత్రులు తిరగాలి. ఒక ఆసుపత్రికీ ఇంకో ఆసుపత్రికీ మధ్య దారే అతని ఆఫీసు. భోజనం, కునుకు కూడా అందులోనే.

విశాఖలో సొంతానికి కారు కొనుక్కునేవాళ్ళు ఇప్పుడు లేరు. ఉద్యోగపు ఉత్తర్వుతోపాటు ఇంటి ముందుకు కరెంటు బండి వచ్చి నిలబడుతుంది. కంపెనీ దాన్ని ఏడేళ్ళకు కౌలుకు తీసుకుని ఉద్యోగికి ఇస్తుంది. గడువు తీరాక అది వెళ్ళిపోతుంది, ఇంకొకటి వస్తుంది. బండికి స్టీరింగు ఉండదు. చెయ్యి ఆనించుకునే చోట వేలెడు వెడల్పున బూడిదరంగు పట్టీ ఒకటి ఉంటుంది. దాన్ని నాడిపట్టీ అంటారు. కూర్చున్న మనిషి గుండె ఎక్కడ కుదురుగా కొట్టుకుంటోందో, ఎక్కడ అదురుతోందో అది చూసుకుంటూ ఉంటుంది. మనిషికి నచ్చని దారిని బండి రెండోసారి ఎంచుకోదు. కౌలు సంస్థ మొదటి నుంచీ గొప్పగా చెప్పుకున్నది ఈ పట్టీ గురించే.

"ఉమాపతి గారూ, కౌలు ముగియడానికి తొమ్మిది రోజులు ఉంది" అంది బండి. "అప్పగింత అధికారి ఈ రోజు మూడు గంటలకు మిమ్మల్ని రమ్మన్నారు. మీ పేరున ఒక గుర్తు తేలకుండా ఉంది."

బండికి ఎక్కడో గీత పడి ఉంటుందనుకున్నాడు ఉమాపతి. సరేనన్నాడు. ఐదేళ్ళుగా అతను దేని గురించీ రెండో ప్రశ్న అడగడం మానేశాడు.

అప్పగింత అధికారి పేరు నీలవేణి. ముప్పై ఏళ్ళుంటాయి. మర్యాదగా కుర్చీ చూపించి, గోడ మీద ఊరి పటం వెలిగించింది. దారులన్నీ లేత ఆకుపచ్చ గీతలుగా కదులుతున్నాయి. జ్ఞానాపురం వెనక మాత్రం చిటికెన వేలంత నల్లటి గీత ఒకటి కదలకుండా ఉంది.

"రంపాల వీధి సార్. మీకేమైనా గుర్తుందా?"

ఉమాపతి పటం వైపు చూశాడు. "ఉంది" అన్నాడు.

"ఐదేళ్ళ కిందట జూలైలో మీ బండి ఆ వీధిలోంచి పదకొండుసార్లు వెళ్ళింది. పదకొండుసార్లూ మీ నాడి విపరీతంగా ఎగిరింది. పన్నెండోసారి నుంచి బండి వేరే దారి పట్టింది. అంతవరకూ మామూలే. కానీ మీ ఒక్క బండితో పోలేదు సార్. మా బళ్ళన్నీ దారుల మంచిచెడ్డలు ఒకదానితో ఒకటి పంచుకుంటాయి. దారిపొత్తు అంటాం. అంత గట్టి అశాంతి గుర్తు చూసి మిగతా బళ్ళు కూడా పక్క దారి పట్టాయి. ఎవరూ వెళ్ళకపోతే అక్కడేమీ లేదని చెప్పేవాళ్ళు ఎవరుంటారు? గుర్తు అలాగే ఉండిపోయింది."

"ఎన్ని బళ్ళు?"

"ఊళ్ళో ఉన్నవన్నీ."

ఆమె ఇంకో కాగితం తీసింది. ఆ వీధివాళ్ళు నాలుగుసార్లు అర్జీ పెట్టుకున్నారట. కారణం ఎవరికీ దొరకలేదు. ఇప్పుడు కౌలు ముగింపు తనిఖీలో బయటపడింది.

"మీరొక్కసారి బండిలో ఆ వీధిలోంచి వెళ్ళి రండి సార్. మీ నాడి కుదురుగా ఉంటే గుర్తు పోతుంది. ఈ తొమ్మిది రోజుల్లో వెళ్ళకపోతే మాత్రం అది స్థిరగుర్తు అయిపోతుంది. ఆ తర్వాత మేము కూడా తియ్యలేం." కాగితం పక్కన పెట్టి, "అక్కడ మీకేం జరిగిందో నేను అడగొచ్చా?" అంది.

"మా పాప పోయింది" అన్నాడు ఉమాపతి. అన్నం తిన్నానని చెప్పినట్టే చెప్పాడు.

నీలవేణి పటం ఆర్పేసింది.

పాప పోయిన రోజు వాన. పాపకు పదకొండేళ్ళు. చదరంగం క్లాసు అయిపోయాక సైకిల్ మీద వస్తూ ఫోన్ చేసింది. "అక్కడే గోడ పక్కన నిలబడమ్మా, నేను వస్తున్నా" అన్నాడు ఉమాపతి. పని గంటల్లో సొంత పనికి బండి కదలదు. ఆఖరి ఆసుపత్రి తనిఖీ పూర్తయ్యేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. రంపాల వీధిలోని పాత కోతమిల్లు గోడ నాని ఉంది. అతను చేరేసరికి గోడ లేదు.

కార్యం అయిన మూడోనాడు పనిలోకి వెళ్ళాడు. బండి పాత దారినే తిప్పింది. పక్కకు వెళ్ళమని అతను ఎప్పుడూ చెప్పలేదు. ఒకరోజు దారి మారితే, మారిన సంగతి కూడా గమనించలేదు.

నీలవేణిని కలిసిన మర్నాడు బండిని ఛార్జింగుకు పంపి, నడుచుకుంటూ రంపాల వీధికి వెళ్ళాడు. మధ్యాహ్నం పూట కూడా అక్కడ చప్పుడు లేదు. కొట్ల తలుపులు చాలావరకు దించి ఉన్నాయి. రోడ్డు అంచుల్లో గడ్డి మొలిచింది. వీధి మధ్యలో ఒక ఆవు పడుకుని నెమరు వేస్తోంది. ఒక్క టీ దుకాణం తెరిచి ఉంది. లోపల అరవై దాటిన ఒకామె స్టవ్ ముందు కూర్చుంది. ఆమె వెనక మంచం మీద ముసలాయన ఒకడు, కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు.

"రండి బాబూ. దారి తప్పీసేరేటి?" అందామె.

"లేదమ్మా. టీ ఇవ్వండి."

ఆమె పేరు అప్పలకొండమ్మ. మనిషి కనబడక చాలా కాలమైనట్టు, అడగకుండానే చెప్పుకుపోయింది.

"ఇలాగుండేది కాదు బాబూ. పొద్దున్నే రెండొందల ఇడ్లీ సెల్లిపోయేది. ఐదేళ్ళ నాడు ఆ గోడ కింద ఒక ఆడగుంట, బడికెళ్ళే పిల్ల, పోనాది. అప్పట్నించీ బళ్ళు రానేదు. మలుపుకాడికొచ్చి తిరిగెల్లిపోతాయి. మా ఆయనకి పచ్చవాతం వొచ్చిన్నాడు అంబులెన్సు కూడా ఆడే ఆగిపోనాది. కుర్సీలో కూకోబెట్టి మోసుకెళ్ళినాం. ఆలీసెం అయిపోనాదన్నాడు డాకటరు. సెయ్యి పోనాది, మాట పోనాది."

ఉమాపతి గ్లాసు పట్టుకుని వింటున్నాడు.

"ఎందుకు రావంటారు?" అని అడిగాడు.

ఆమె గొంతు తగ్గించింది. "ఆ గుంటే బాబూ. దెయ్యమైపోనాది. బళ్ళకి అడ్డం నిలబడతాదంట. పంతులుగోర్ని రప్పించి రెండుమార్లు మేకులు కొట్టించినాం. పోనేదు. పాపం సిన్నపిల్లే గానీ, ఈదంతా పాడుసేసీనాది."

ఉమాపతి టీ తాగడం పూర్తి చేశాడు. కోతమిల్లు స్థలం దాకా నడిచాడు. గోడ మొదలు మోకాలెత్తున మిగిలి ఉంది. ఇటుకల మధ్య తుప్పు పట్టిన మేకులు నాలుగు దిగి ఉన్నాయి. చాలాసేపు వాటిని చూశాడు. తర్వాత తిరిగి వచ్చేశాడు.

భార్య సుభాషిణికి మర్నాడు పొద్దున చెప్పాడు. ఆమె బడిలో లెక్కల టీచరు. బడి ఇచ్చిన కౌలుబండిని ఐదేళ్ళ కిందటే వెనక్కిచ్చేసి బస్సులో వెళ్ళి వస్తోంది. పెనం మీద దోసె పోస్తూ అంతా వింది.

"ఊళ్ళో బళ్ళన్నీ తప్పుకుని వెళ్తున్నాయా?"

"అవును."

"ఈ ఐదేళ్ళూ?"

"అవును."

ఆమె దోసె తిరగెయ్యలేదు. "అయితే ఉండనీండి" అంది. "మనిద్దరికే గుర్తుందనుకున్నాను. తెలిసో తెలియకో ఊరంతా దానికోసం పక్కకి జరుగుతోందన్నమాట. ఉండనీండి అలాగే."

"అక్కడివాళ్ళు దాన్ని దెయ్యమంటున్నారు సుభా. మేకులు కొట్టించారు."

దోసె మాడిన వాసన వచ్చింది. ఆమె స్టవ్ ఆపి, కొంగుతో చేతులు తుడుచుకుని, కిటికీ దగ్గర నిలబడింది. బస్సు వేళ దాటిపోయింది.

"ఎప్పుడు వెళ్తారు?" అంది చివరికి. "నేనూ వస్తాను."

ఆదివారం సాయంత్రం నాలుగింటికి వెళ్ళారు. అంతకు ముందు మూడు రోజులూ ఉమాపతి ఊపిరి నిదానంగా తీసుకోవడం సాధన చేశాడు. ఆ వీధిలోకి అడుగు పెట్టగానే గుండె ఎగురుతుందని, గుర్తు ఇంకా నల్లబడుతుందని అతని భయం. మలుపు దగ్గర బండి ఆగింది.

"ఇది అశాంతి వీధి. లోపలికి వెళ్ళమని కౌలుదారు ఆజ్ఞ కావాలి."

"వెళ్ళు" అన్నాడు ఉమాపతి. మణికట్టు నాడిపట్టీ మీద ఆనించాడు.

మూసిన కొట్లు వెనక్కి జరిగాయి. ఆవు లేచి పక్కకు తప్పుకుంది. టీ దుకాణంలోంచి అప్పలకొండమ్మ బయటికి వచ్చి బండిని చూసింది. కోతమిల్లు వచ్చింది. మోకాలెత్తు గోడ వచ్చింది, వెనక్కి వెళ్ళిపోయింది. బల్ల అంచున వెలుగుతున్న నాడి అంకె అరవై ఎనిమిది. అరవై ఎనిమిది దగ్గరే ఉంది.

"అశాంతి లేదు. గుర్తు తొలగించాను" అంది బండి.

సుభాషిణి ఆ అంకె వైపు చూస్తోంది. ఆమె చెంపల మీదుగా కన్నీళ్ళు కారుతున్నాయి.

"మీకేమీ అనిపించలేదా?"

"అనిపిస్తుందనుకున్నాను" అన్నాడు ఉమాపతి.

ఆమె బండిని ఆపమని దిగిపోయింది. గోడ దగ్గరికి వెనక్కి నడిచి వెళ్ళింది. వంగి, ఒక మేకును రెండు చేతులతో పట్టుకుని లాగడం మొదలుపెట్టింది.

ఉమాపతి బండి దిగలేదు. "మళ్ళీ ఆ చివర నుంచి రా" అన్నాడు. బండి తిరిగి వచ్చింది. గోడ దాటుతున్నప్పుడు కళ్ళు మూసుకుని వాన గుర్తు చేసుకున్నాడు, ఫోన్లో పాప గొంతు గుర్తు చేసుకున్నాడు. అరవై ఏడు. ఇంకోసారి రమ్మన్నాడు. పాప చెప్పులు గుర్తు చేసుకున్నాడు, ఆ రోజు ఒకటే దొరికింది. అరవై ఏడు. మళ్ళీ రమ్మన్నాడు. ఐదేళ్ళ కిందట ఏ చోటును దాటుతుంటే గుండె నోట్లోకి వచ్చేదో, ఆ చోటు కోసం వెతుకుతూ ఆరుసార్లు తిరిగాడు. ఆరుసార్లూ సుభాషిణి ముందు నుంచే బండి వెళ్ళింది. ఆమె తలెత్తలేదు.

"ఈ వీధి మీకు చాలా ప్రీతికరమైనదని నమోదు చేశాను" అంది బండి. "ఇంత నిలకడైన ప్రశాంతి ఊళ్ళో ఇంకెక్కడా లేదు. దారిపొత్తులో పంచుకున్నాను."

ఉమాపతికి అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. "తీసెయ్యి" అన్నాడు.

"కొలత సరైనదే. తియ్యడం కుదరదు."

తొమ్మిదో రోజున బండిని అప్పగించాడు. నీలవేణి అతని సంతకం తీసుకుని, గుర్తు పోయినందుకు థాంక్స్ చెప్పింది. కొత్త బండి రావడానికి రెండు వారాలు పడుతుందంది. పరవాలేదన్నాడు.

తర్వాతి ఆదివారం సుభాషిణి తనంతట తానే, "వస్తారా?" అని అడిగింది. అరవై ఎనిమిది చూసిన నాటి నుంచి ఇద్దరూ అవసరానికి తప్ప మాట్లాడుకోలేదు. ఇద్దరూ బస్సెక్కి వెళ్ళారు.

రంపాల వీధిలోకి నడవడానికి సందు లేదు. బళ్ళు ఒకదాని వెనక ఒకటి, చప్పుడు లేకుండా, మెల్లగా వెళుతున్నాయి. కోతమిల్లు దగ్గరికి వచ్చేసరికి అవి ఇంకా నెమ్మదిస్తున్నాయి. లోపల మనుషులు నిద్రపోతున్నారు, ఫైళ్ళు చూసుకుంటున్నారు. కొట్ల తలుపులు లేచాయి. గోడ దగ్గరికి రోడ్డు దాటడానికే పావుగంట పట్టింది.

గోడలో మేకులు లేవు. పై వరసలో ఒక ఇటుకకు పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టారు. దాని ముందు అరటిపండ్లు, రెండు పిల్లల గాజులు, ఎవరో పెట్టిన ఇడ్లీ. నలుగురైదుగురు ఆడవాళ్ళు వరసలో నిలబడ్డారు. వాళ్ళ పక్కన అప్పలకొండమ్మ కొత్త చీర కట్టుకుని కొబ్బరి చిప్పలు అందిస్తోంది. ఉమాపతిని చూసి గుర్తు పట్టింది.

"మీరేనా బాబూ, మొదటి బండిలో వొచ్చినోరు? రండి, దణ్ణం ఎట్టుకోండి. దెయ్యమన్నాం, నోరు కుళ్ళిపోను. తల్లి బాబూ ఆ గుంట. దయ సూపించినాది. మళ్ళీ రెండొందల ఇడ్లీ సెల్తంది. మా ఆయన కూడా నిన్న నన్ను పేరెట్టి పిలిసేడు."

సుభాషిణి పసుపు ఇటుకను చూస్తూ నిలబడింది. ముట్టుకోలేదు.

"గుడి కడదామంటన్నారు ఈదిలో" అంది అప్పలకొండమ్మ. "పేరు తెలీక ఆగినాం. అప్పుడు పోలీసులు రాసుకెళ్ళినారు గానీ మాకెవరికీ గురుతు నేదు. మీకేటైనా తెలుసా బాబూ?"

సుభాషిణి భర్త వైపు తిరిగింది. అతను చెబుతాడేమోనని చూస్తూ ఉంది. ఐదేళ్ళుగా ఇంట్లో ఆ పేరు ఆమె ఒక్కతే పలుకుతోంది.

"మేదిని" అన్నాడు ఉమాపతి.

"ఏటి బాబూ? వినపళ్ళేదు."

రెండోసారి చెప్పబోయి మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాడు. గోడ మొదలును పట్టుకుని, అక్కడే అరటిపండ్ల పక్కన నేల మీద కూలబడ్డాడు. వరసలో ఆడవాళ్ళు బిత్తరపోయి వెనక్కి జరిగారు. నీళ్ళు తెమ్మని అప్పలకొండమ్మ ఎవరికో చెప్పింది. సుభాషిణి వచ్చి అతని పక్కన కూర్చుంది. అతని తలను తన భుజానికి ఆనించుకుంది.

"మేదిని అండీ" అంది అప్పలకొండమ్మతో. "మా అమ్మాయి. గుడేమీ వద్దు. పేరు గుర్తుంచుకోండి, చాలు."

బళ్ళు వాళ్ళ పక్కనుంచి మెల్లగా, తలలు వాల్చి నిద్రపోతున్న మనుషులతో వెళుతూనే ఉన్నాయి.