పంది సూప్ తాగనివాడు

"ఒకడు పడిపోవాలి, బాస్తియాన్," అంది మదామ్ బ్రెసాక్. గూఢచారి శాఖలో అతని పై అధికారిణి ఆమె.

అసైన్‌మెంట్ క్లుప్తంగా చెప్పేసింది. లియోన్ నగరంలో, సోన్ నది గట్టున, ప్రతి గురువారం మధ్యాహ్నం 'లా సూష్' పార్టీ ఇల్లూ వాకిలీ లేనివాళ్లకి సూప్ పోస్తుంది. పంది మాంసం సూప్. రూల్ ఒక్కటే: ముందు సూప్, ఆ తర్వాతే రొట్టె, చలికోటు. పంది తిననివాడికి ఏదీ లేదు. ముస్లింలనీ యూదులనీ గెంటెయ్యడానికి ఆ పార్టీకి కర్ర అక్కర్లేదు, గరిటె చాలు. ఎన్నికలు ఇంకా తొమ్మిది రోజులు. ఈ గురువారం నాయకుడు అమోరి ద్యుఫ్రేన్ టీవీ కెమెరాల ముందు స్వయంగా వడ్డిస్తాడు. ఒక విదేశీ రాయబార కార్యాలయం పంపిన విషం ఆ సూప్‌లో పడుతుంది. నలభైమంది చస్తారు. నేరం వంతెన అవతలి శరణార్థుల శిబిరం మీద వేసి, పార్టీ ఓట్లు దండుకుంటుంది.

ఈ కబురు తెచ్చింది సొలాంజ్. పార్టీ అధికార ప్రతినిధి, ఫర్ కోటు అందగత్తె. శాఖకీ పనిచేస్తుంది, ఆ రాయబార కార్యాలయానికీ పనిచేస్తుంది. ఎవరిని ముంచుతుందో ఆమెకే తెలియాలి.

"విషం పడగానే ఎందుకు ఆపకూడదు, మేడమ్?"

"అక్కడ వంటవాడివి నువ్వు. ముందే ఆపితే, కలిపింది నువ్వేనంటాడు వాళ్ల లాయరు. అమోరి చేత్తో పోసింది తాగి ఒకడు పడాలి. అప్పుడు పట్టుకుంటాం."

ఏడాదిన్నరగా బాస్తియాన్ మారుపేరుతో ఆ పార్టీ వంటవాడు. పోయిన జనవరిలో ఒక సూడాన్ స్త్రీ సూప్ వద్దు, రొట్టె ఇమ్మని అడిగింది. వేషం నిలబెట్టుకోవాలి కాబట్టి లైన్లోంచి తప్పుకోమన్నాడు. మర్నాడు పొద్దున ఆమె వంతెన కింద చలికి బిగుసుకుపోయి, శవమై కనిపించింది. అప్పటినుంచీ తన చేతులంటే అతనికే అసహ్యం.

గురువారం వచ్చింది. లైన్లో నూటయాభైమంది. అందరికంటే ముందు ఫెర్నాఁ అనే ముసలి మాజీ సైనికుడు.

"ఏమోయ్ వంటోడా, ఇవాళైనా ముక్క కనబడుద్దా, దుర్భిణీ తెచ్చుకోమంటావా?"

వాసన చూస్తున్నట్టు సొలాంజ్ గంగాళం మీదికి వంగింది. చేతిలో సెంటు సీసా. ఆమె పక్కకి జరగగానే బాస్తియాన్ ఒక అగ్గిపుల్ల ముంచాడు. విషం పసిగట్టడానికి శాఖవాళ్లు ఇచ్చిన పుల్ల అది. ఎర్రటి మొన నీలంగా మారింది. అతను కోటు గుండీలోని మైకుకి కోడ్ చెప్పాడు.

"ఉప్పు తక్కువైంది."

చెవిలో దాచిన చిన్న యంత్రంలోంచి బ్రెసాక్ గొంతు వినిపించింది. "ఉడకనివ్వు." అంటే, జరిగేది జరగనివ్వమని.

ఈ నేలలో వేళ్లున్నవాళ్లకే ఈ నేల తిండి అని ఉపన్యాసం ముగించి, అమోరి మొదటి గిన్నె నింపాడు. ఫెర్నాఁ దాన్ని రెండు చేతులా పైకెత్తాడు. ఆవిరి అతని గడ్డానికి తగులుతోంది.

బాస్తియాన్ అతని మణికట్టు పట్టుకున్నాడు. "ఆగు తాతా. నాయకుడు తాగకుండా మనం తాగుతామా?"

గిన్నె లాక్కుని అమోరి ముందు పెట్టాడు. ఐదు కెమెరాలూ అటు తిరిగాయి. చెవిలో బ్రెసాక్ తిట్లు మొదలవగానే ఆ యంత్రాన్ని పీకి జేబులో వేసుకున్నాడు.

భోజనం చేసే వచ్చానన్నాడు అమోరి. ఒక్క గుక్కేనంది లైను. చెంచాలతో గిన్నెలు వాయించడం మొదలైంది. అతను సొలాంజ్ వైపు చూశాడు. ఆమె జుట్టు సర్దుకుంటోంది.

"డాక్టరు వద్దన్నాడు," అన్నాడు అమోరి, నుదురు తుడుచుకుంటూ. "నేను పంది మాంసం తినను."

చప్పుడు ఆగిపోయింది.

"తినవా? ఐతే పక్కకి తప్పుకో," అన్నాడు ఫెర్నాఁ. "ఆ సూడాన్ మనిషిని ఇట్టాగే తప్పించారు. అది చూస్తా ఉండి కూడా నా రొట్టె నేను తిన్నా."

ఎవరో ఇద్దరు అమోరి చేతులు విరిచి పట్టుకున్నారు. ఇంకొకడు ముక్కు మూశాడు. ఫెర్నాఁ తొందరపడలేదు, పసివాడికి పాలు పట్టినట్టు నెమ్మదిగా గిన్నె వంచాడు. బాస్తియాన్‌కి వాళ్లని ఆపాలనిపించలేదు, కాసేపు చూడాలనిపించింది. అంచు పెదవికి తగిలింది.

"విషం," అని అరిచాడు అమోరి. "అందులో విషం ఉంది, వదలండి."

ఐదు ఛానళ్లలో దేశమంతా విన్నది. చివరి క్షణంలో, మాటు వేసి ఉన్న పోలీసులు గిన్నె లాగేసి, అతనికి బేడీలు వేశారు. బాస్తియాన్ రొట్టెలన్నీ సూప్ లేకుండానే పంచేశాడు. ఆజ్ఞ మీరినందుకు బ్రెసాక్ అతన్ని పాత ఫైళ్ల గదికి బదిలీ చేసింది. సొలాంజ్ మాత్రం ఇంకా పనికొస్తుందని ఆమె జోలికి ఎవరూ పోలేదు.

మర్నాడు ఆ సొలాంజే మైకుల ముందుకొచ్చి, అమోరిని పార్టీ నుంచి బహిష్కరించామని ప్రకటించింది. విషం కలిపించినందుకు కాదు, పంది మాంసం తిననన్నందుకు.