లెన్సు వైపు నడిచిన ముఖం

అసురసంధ్య!

పొద్దు కొండల వెనక్కి జారిపోయింది... చీకటి ఇంకా రాలేదు. ఇస్సిక్-కుల్ సరస్సు నీళ్ళు నీలాన్ని వదిలి ఎండిన నెత్తురు రంగుకి తిరుగుతున్నాయి. దక్షిణపు ఒడ్డున చివరి ఇంటి పొగగొట్టం మీద వాలిన గుడ్లగూబ కర్ణకఠోరంగా కూసింది. హిమశిఖరాల మీద ఎక్కడో మేఘం గర్జించింది.

ఈ వేళకు ఇక్కడి తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కుంటారు. నిద్రపోతున్నవాళ్ళను తట్టి లేపుతారు. కెమెరామన్లు మాత్రం ఈ వేళ కోసమే పగలంతా కాచుకుని కూర్చుంటారు! నీడలు లేకుండా ముఖం మీద వెన్నలా పరుచుకునే ఆ వెలుగు ఉండేది ఇరవై నిమిషాలే.

కెమెరామన్ జోమార్త్ ఏ స్టూడియోలోనూ ఉద్యోగి కాదు. ఒక సినిమా అయిపోతే మళ్ళీ పిలుపు వచ్చేదాకా బిష్కెక్ నగరంలో ఫోను వైపు చూస్తూ కూర్చోవడమే. మధ్యలో పెళ్ళిళ్ళు, గుర్రప్పందేలు, గొర్రెల సంత ప్రకటనలు. పిలిస్తే వెళ్ళాలి, చూపిస్తే తీయాలి. ఎందుకని అడిగే అలవాటు ఎప్పుడో పోయింది.

ఈసారి పిలిచినవాడు తెంతిమిష్. భూతవైద్యుడు! అతని పేరు వింటే సరస్సు ఒడ్డు ఊళ్ళన్నీ గొంతు తగ్గించుకుంటాయి.

"ఒక పిల్లను భూతం పట్టింది. అయిదు సాయంత్రాల్లో దించుతాను" అన్నాడు తెంతిమిష్. "ఆ సందెవెలుగులోనే తీయాలి. ముఖమే తీయాలి. ఇంట్లో చీమ చిటుక్కుమనకూడదు. అయిదో రోజున కెమెరాలోని మెమరీ కార్డు నా చేతికివ్వాలి. దానికి రెండో నకలు ఉండకూడదు."

నకలు వద్దనే మనిషిని జోమార్త్ తన ఇరవై ఏళ్ళ పనిలో చూడలేదు. అనుమానం అప్పుడే మొలకెత్తింది. అయినా ట్రైపాడ్ నిలబెట్టాడు.

ఆ ఒడ్డున చివరి ఇల్లు తెంతిమిష్‌దే. గదిలో తెల్లటి ఉన్ని పరుపు. దాని వెనుక తెంతిమిష్. అతని ఒడిలో గుర్రపు కపాలం! దేవదారు పొగ ఆ కపాలపు కనుగుంటల్లోంచి పాములా మెలికలు తిరిగి వస్తోంది... పరుపు మీద సైకాల్. ఇరవై ఆరేళ్ళది. వసంతంలో భర్త ఈ సరస్సులోనే మునిగి చనిపోయాడు. ఆనాటి నుంచి ఆమెకు మాట లేదు, సరైన తిండి లేదు. తోడుగా వచ్చిన అత్తగారు ఊల్కన్‌ను తెంతిమిష్ వసారా దాటి రానివ్వలేదు.

మొదటి సాయంత్రం అంతా సవ్యంగానే జరిగింది. జోమార్త్ సహాయకుడు కాలీబెక్ అరవై దాటినవాడు. కెమెరా నుంచి సైకాల్ కంటిదాకా టేపు పట్టి కొలిచాడు. రెండు మీటర్ల నలభై. లెన్సు చుట్టూ ఉన్న అంకెల పట్టీని అక్కడికి తిప్పాడు. ఆ దూరం కుదిరితేనే ముఖం తేటగా పడుతుంది. నలభై ఏళ్ళుగా ఆయన పని అదే.

"నిశ్శబ్దం!" అని జోమార్త్ అరిచాడు. వసారాలో ఏదో చదువుతున్న ముసలి గొంతు ఠక్కున ఆగిపోయింది.

రెండో సాయంత్రం అదే పరుపు, అదే చోటు.

"బాయ్కే, ముఖం అలికేసినట్టుంది" అన్నాడు జోమార్త్ ఆ పెద్దాయనతో.

"నీ కన్ను అలికేసినట్టుంది! రెప్ప వెంట్రుక దాకా కొలిచాను తమ్ముడూ. రెండు నలభై."

"కాస్త తిప్పి చూడు."

కాలీబెక్ గొణుక్కుంటూ తిప్పాడు. రెండు మీటర్ల దగ్గర ముఖం తేటపడింది! టేపు ప్రకారం సైకాల్ పరుపు మీద ఉంది. లెన్సు ప్రకారం ఒక అడుగు ముందుకొచ్చి నిలబడింది!

ఆ రాత్రి జోమార్త్‌కు నిద్ర లేదు. లెన్సును అనుమానించాడు. దారిలో గుంతల్లో పడ్డ కెమెరా పెట్టెను అనుమానించాడు. చివరికి తన కంటినే అనుమానించాడు. కెమెరామన్ చూపు తగ్గిందని ఒక్కరికి తెలిస్తే చాలు, ఫోను మళ్ళీ మోగదు. పొద్దున్నే ఇద్దరూ పెరట్లోని గొర్రెను కట్టేసి, కొలిచి, తీసి చూశారు.

"గొర్రె మహారాణిలా పడింది" అన్నాడు కాలీబెక్. "లెన్సుకి రోగం లేదు, నీకూ లేదు. రోగం ఆ గదికే ఉంది."

మూడో సాయంత్రం మీటరున్నర. నాలుగో సాయంత్రం ఎనభై సెంటీమీటర్లు... ముఖం నడిచి వస్తోంది! కెమెరా తెర మీద సైకాల్ బుగ్గలు కెంపుల్లా మెరుస్తున్నాయి. పరుపు మీది సైకాల్ మాత్రం బుగ్గలు గుంటలు పడి, పెదవులు నీలమై, శవాకారంగా మారిపోతోంది! ఉన్నట్టుండి ఆమె నోటి నుంచి మగగొంతు వికటంగా నవ్వింది.

"వచ్చేశాను... ఇంకొక్క అడుగు!"

జోమార్త్ కెమెరా ఆపేశాడు. "ఇది వైద్యం కాదు. నేను తీయను."

తెంతిమిష్ లేవలేదు. కపాలాన్ని పిల్లిని నిమిరినట్టు నిమిరాడు.

"మానెయ్. ఆమె ప్రాణకళ సగం ఒంట్లో ఉంది, సగం నీ పెట్టెలో ఉంది. సగం పిల్ల ఎన్నాళ్ళు బతుకుతుంది? ఆ చావు నీది!"

"పూర్తిచేస్తే?"

"పూర్తిచేస్తే కార్డు నాది. కార్డులో ఉన్నదీ నాదే!"

ఆపితే చావు. ఆపకపోతే బానిసత్వం. ఆ పిల్లను ఈ ఉచ్చులోకి అంగుళం అంగుళం లాగింది తన చేతులే!

అయిదో రోజు మధ్యాహ్నం ఊల్కన్ వసారాలో పొయ్యి పెట్టి, నూనెలో రొట్టెలు వేయించి ఇద్దరి ముందూ పెట్టింది.

"తినండి నాయనా. నా కొడుకు పేరున చేశాను. వాసన వాడికి, రొట్టె మీకు."

"రెండూ నాకే కావాలి అపా" అన్నాడు కాలీబెక్, ఆ తల్లిని నవ్వించాలని.

ఆమె నవ్వలేదు. జోమార్త్ వైపు తిరిగింది. "సందె నమాజు నోరారా చదివి నాలుగు రోజులైంది నాయనా. నేను మొదలుపెడతాను, నువ్వు అరుస్తావు. మింగేస్తాను. కోడలు బాగుపడాలి కదా అని."

"మీ గొంతు రికార్డులో పడిపోతుంది అపా, అందుకే..."

కాలీబెక్ నమలడం ఆపాడు. "దేంట్లో పడుతుంది?"

"అదే, శబ్దం..."

"తమ్ముడూ, మనం మైకు తెచ్చామా?"

జోమార్త్ చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. మైకు లేదు! ఈ సినిమాకు శబ్దమే లేదు! షాటుకు ముందు అరవడం ఇరవై ఏళ్ళ అలవాటు. ఆ అలవాటునే తెంతిమిష్ వాడుకున్నాడు. ప్రార్థన ఆపమని తానే అంటే ఊరు కర్రలు పట్టుకుని వచ్చేది. కెమెరామన్ అరిస్తే ఎవరికి అనుమానం? ఏ దేవుడి పేరు చెవిన పడితే ఆ నడక ఆగిపోతుందో, ఆ పేరు పలికే నోటినే జోమార్త్ నాలుగు సాయంత్రాలు మూయించాడు!

మళ్ళీ అసురసంధ్య... కొండల మీద మెరుపు. గుడ్లగూబ కూత. సైకాల్ ఊపిరి ఉందో లేదో తెలియడం లేదు. లెన్సు పట్టీ మీద చివరి అంకె నలభై అయిదు. ముఖం అక్కడే తేటగా, నిండుగా, నవ్వుతూ ఉంది! ఆ తర్వాత ఇక గాజే.

"అరవవేం!" అని తెంతిమిష్ బుసకొట్టాడు. "నిశ్శబ్దం అని అరువు!"

జోమార్త్ అరిచాడు. "అపా! లోపలికి రండి. నమాజు చదవండి... గట్టిగా చదవండి!"

తలుపు తెరుచుకుంది. వణుకుతున్న ముసలి గొంతు అల్లా పేరుతో మొదలైంది. మొదట సన్నగా... తర్వాత స్థిరంగా. అది పండితుల పఠనం కాదు. అక్కడక్కడా తప్పుందేమో కూడా. గది గోడలు మాత్రం గజగజ వణికాయి!

"ఆపండి! దాని నోరు నొక్కండి!" తెంతిమిష్ ఆర్తనాదం చేశాడు. కపాలం ఫెళ్ళున పగిలింది!

కాలీబెక్ వేళ్ళ కింద అంకెల పట్టీ తనంతట తానే తిరగసాగింది. ఎనభై... మీటరున్నర... రెండు...

"నేను తిప్పడం లేదు తమ్ముడూ!"

రెండు నలభై! పరుపు మీది సైకాల్ గట్టిగా ఊపిరి పీల్చి దగ్గింది. పట్టీ అక్కడ ఆగలేదు. మూడు మీటర్ల దగ్గర ఆగింది. అక్కడున్నది తెంతిమిష్! కెమెరాలో అతని ప్రతి ముడతా, ప్రతి రోమమూ స్పష్టంగా కనిపించింది. ఆ ముఖం మీది కళ దీపం వత్తి లాగేసినట్టు ఒక్కసారిగా జారిపోయింది... అతను కపాలపు ముక్కల మీదికి ఒరిగిపోయాడు. మళ్ళీ లేవలేదు.

గుండె ఆగిందని డాక్టరు రాశాడు. నిజమే కావచ్చు. ఆ గుండెను ఆపినదేమిటో రాయడానికి ఆ కాగితంలో చోటు లేదు. అంతటి శక్తి ఉన్న దేవుడు నాలుగు సాయంత్రాలు ఎందుకు ఊరుకున్నాడని అడగాలనిపిస్తుంది. పిలవనివ్వనిది మనమే అయినప్పుడు ఆ ప్రశ్న ఎవరిని అడగాలి?

ఆ క్షణాన ఆ గదిలో మాత్రం ఊల్కన్ కోడలిని ఒళ్ళోకి తీసుకుని ఏడుస్తోంది. సైకాల్ మెల్లగా కళ్ళు తెరిచింది. తన వైపే గురిపెట్టి ఉన్న కెమెరాను చూసి, తలగుడ్డ ముఖం మీదికి లాక్కుంది. ఆరు నెలలుగా మాట లేని గొంతు బొంగురుగా పలికింది.

"ఎవరత్తమ్మా వీళ్ళు? నన్ను ఎందుకు తీస్తున్నారు? నన్నడిగారా?"

జోమార్త్ కెమెరా ఆపి, లెన్సుకు మూత పెట్టి, ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అడగలేదు చెల్లీ" అన్నాడు.