బోర్లాపడని పిల్ల

కడిగిన గ్లాసును శ్యామలాంబ వంటగట్టు మీద బోర్లించింది. అది అటూ ఇటూ ఊగి, లేచి నిటారుగా కూర్చుంది. అడుగున నీళ్లు అలాగే ఉన్నాయి. గిన్నె బోర్లించింది. అదీ లేచింది.

"మీ దుంపతెగ! కాసేపు బోర్లా పడుంటే మీ సొమ్మేం పోయింది?" అంటూ గరిటె విసిరింది. గరిటె కూడా లేచి నిలబడింది.

కాకినాడలో కాఫీ ఒలికి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. ఇప్పుడన్నీ ఒంటినిలకడ వస్తువులే. బల్ల మీద పెట్టిన ఏ వస్తువైనా తన బరువు కేంద్రం కిందికి దిగేదాకా దొర్లుతుంది. మామూలు వస్తువు ఆగే చోట్లు రెండో మూడో ఉంటాయి, వీటికి ఒక్కటే. అడుగున సీసం పోయలేదు, లోపల యంత్రమూ లేదు, కిటుకంతా వంపులోనే ఉంది. ఆ వంపులు గీసినవాళ్లలో శ్యామలాంబ కూతురు వైదేహికి మంచి పేరుంది.

నిజానికి శ్యామలాంబ కోపం గిన్నెల మీద కాదు. హాల్లో గవ్వలాంటి తెల్లటి తొడుగులో మనవరాలు తరళ వెల్లకిలా పడుకుని కాళ్లాడిస్తోంది. పసివాళ్లు బోర్లాపడి ఊపిరాడక అవస్థపడకూడదని వైదేహి చేసిన తొడుగు అది. స్నానానికీ పాలకూ తప్ప తియ్యరు. పిల్ల ఎంత పక్కకు తిరిగినా మెత్తగా వెనక్కి తెచ్చేస్తుంది. బోర్లాపడితే బొబ్బట్లు పంచాలని శ్యామలాంబ శనగపప్పు నానబోస్తూనే ఉంది. ఎదురుచూసి ఎదురుచూసి, విసుగొచ్చి, ప్రతిసారీ వడలు వేసేస్తోంది.

"మళ్లీ పప్పు నానబోశావా అమ్మా?" అంది వైదేహి.

"బోస్తాను. పిల్లకి అప్పుడే ఏడో నెలొచ్చింది! నువ్వు నాలుగో నెల్లోనే మంచం మీంచి దొర్లి పడ్డావు."

"అందుకేగా తొడుగు! నా నుదుటి మీద మచ్చ ఇంకా ఉంది."

"మచ్చా ఉంది, నువ్వూ ఉన్నావు. తియ్యవే దాన్ని. చూసి చూసి నా ప్రాణం విసిగిపోయింది."

తల్లి నోటికి జడిసి వైదేహి తొడుగు విప్పి, పిల్లను చాప మీద పడుకోబెట్టింది. శ్యామలాంబ పక్కన కూర్చుని గిలక్కాయ ఆడించింది. తరళ అటు తిరిగింది. కాలు మడిచి, భుజం లేపి, చక్కగా పక్కకు ఒరిగింది. ఇంకాస్త వంగితే చాలు.

అక్కడ ఆగిపోయింది. ఒళ్లు వదిలేసి, వెనక్కి వాలింది. మళ్లీ ఒరిగింది, మళ్లీ అక్కడే ఆగింది. ఈసారి మడిచిన కాలు అడ్డుపడి వెనక్కి కూడా వాలలేదు. పెదవి విరిచి ఏడుపు లంకించుకుంది.

"బలం లేదంటావా?" అంది శ్యామలాంబ.

"బలం ఉందమ్మా." వైదేహి మొహం పాలిపోయింది. "తొడుగు వెనక్కి తిప్పుతుందని ఎదురుచూస్తోంది."

అంటూనే పిల్లను వెల్లకిలా తిప్పబోయింది. శ్యామలాంబ ఆ చెయ్యి పట్టుకుంది.

"నువ్వూ తొడుగువేనా?"

వైదేహి చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఊళ్లో పిల్లలందరికీ ఇదే తొడుగమ్మా," అంది.

శ్యామలాంబ వంటింట్లోకి వెళ్లి, నానిన పప్పులో సగం తీసి పొయ్యి మీద పెట్టింది.

"సగం తిరిగిందిగా. సగం బొబ్బట్లు చేస్తాను," అంది కళ్లు తుడుచుకుంటూ.

హాల్లో పిల్ల పక్కకు ఒరిగి ఏడుస్తూనే ఉంది. వైదేహి రెండు చేతులూ ఒళ్లో బిగించుకుని, ముట్టుకోకుండా కూర్చుంది.