సింగపూర్ పెట్టెలు

నెల్లూరులో వాన పడితే ట్రంకు రోడ్డు మీద జనం తగ్గుతారు గానీ, కామాక్షి గడప తొక్కే కష్టాలు మాత్రం తగ్గవు. ఆ కార్తీక మాసపు ఉదయం కూడా అంతే. పెంచలకృష్ణ ఇంకా టీ ఫ్లాస్కు మూత తీయనే లేదు, తలుపు దగ్గర ఒక ముప్పై ఐదేళ్ల మనిషి నిలబడి ఉంది. గొడుగు చేతిలోనే ఉంది, తెరవలేదు. నిలువెల్లా తడిసిపోయింది.

"ముందు కూర్చోమ్మా" అంది కామాక్షి. "కిష్టా, టవలియ్యి."

పదిహేనేళ్లు బీమా కంపెనీలో పనిచేసి, తుఫానుకు పోయిన పడవలు నిజంగా పోయాయా, రొయ్యల గుంటలో రొయ్యలు నిజంగా చచ్చాయా అని తేల్చిన మనిషి కామాక్షి. ఆ ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టింది. పెంచలకృష్ణకు ఆమె దగ్గర చేరి నాలుగేళ్లు. ఆమెకు తెలియంది ఈ జిల్లాలో ఉండదని అతని గట్టి నమ్మకం. ఆమెకు డ్రైవింగ్ రాదన్న సంగతి అతను లెక్కలోకి తీసుకోడు.

వచ్చినావిడ పేరు కరుణాకుమారి. ముత్తుకూరులో చర్చి కమిటీ తరఫున ఆడపిల్లలకు కంప్యూటర్ నేర్పే సెంటర్ నడుపుతోంది.

"పాత కంప్యూటర్లు మూలపడితే కొత్తవి కొందామనుకున్నాం మేడం. ఇక్కడి ధరలు అందలేదు. మా ఆయన రూఫస్ పోర్టులో క్లియరింగ్ ఏజెంటు దగ్గర గుమాస్తా. సింగపూర్‌లో ఆఫీసులు వాడి తీసేసినవి బాగుచేసి సగం ధరకే ఇస్తారని, అనుమతులన్నీ తనే తిరిగి తెచ్చి, పదిహేను తెప్పించినాడు. దసరా పోయిన రెండు వారాలకు చెన్నైలో దిగి, లారీలో మా హాలుకొచ్చినాయి. అందరం నిలబడి విప్పితే..." ఆమె టవలుతో మొహం తుడుచుకుంది. "తెరలు బానే ఉండాయి. పనిచేసే సరుకంతా ఉండే నల్ల డబ్బాలు మాత్రం ఒక్కటీ లేవలేదు. లోపలంతా తుక్కు."

"అమ్మినోడేమంటాడు?"

"తను మంచివే పంపినానంటాడు. డబ్బాల మీద నంబర్లు చదివితే అవి తన సరుకు కాదంటాడు. మోసగాడు అట్టగాక ఇంకెట్టంటాడని కమిటీవాళ్ల మాట. రూఫస్ వాడితో చేతులు కలిపినాడని, ఆదివారం ఆరాధన అయ్యాక పోలీసు కంప్లైంటు ఇస్తామని చెప్పినారు."

"నీ మొగుణ్ణి కాపాడమంటావు. అంతేనా?"

కరుణాకుమారి గొడుగు పక్కన పెట్టింది. "కాదు మేడం. ఆయన చేసినాడో లేదో నాకు తెలియాల. ఈ వారమంతా ఫోనొస్తే బయటికి పోయి మాట్లాడతాడు. అడిగితే ఏం లేదంటాడు. ఆ మనిషి పక్కన పడుకోని నేనేం నమ్మాలో నాకు తెలీటం లా. ఆయనకి మాత్రం చెప్పొద్దు."

పెంచలకృష్ణ టీ పోయడం మరిచిపోయాడు. కామాక్షి మాత్రం మామూలుగా లేచి చెప్పులేసుకుంది.

*

ముత్తుకూరు హాల్లో సున్నం వాసన ఇంకా పోలేదు. గోడల వెంబడి కొత్త కరెంటు పాయింట్లు, బల్లల మీద వరసగా నల్ల డబ్బాలు. వాటి పక్కన కమిటీ పెద్ద సంజీవరావు, చావింట్లో కూర్చున్నట్టు కూర్చొని ఉన్నాడు.

"కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది మా బతుకు. నాలుగు డబ్బులు మిగులుతాయని సముద్రం దాటించినాం. ఇప్పుడు సెంటరే మూసుకోవాల" అన్నాడాయన.

"పెట్టెలకి సీళ్లు ఉన్నాయా సార్?"

"చెన్నైలో కస్టమ్సోళ్లు కోసి చూసి మళ్లీ టేపేసినారు. ఇంక సీలేంది?"

"వచ్చిన రోజే విప్పినారా?"

"లేదు. కరెంటు పని అవలేదని రెండు రోజులు ఇక్కడే పెట్టి తాళమేసినాం. ఒక తాళంచెవి కరుణమ్మ దగ్గర. ఇంకోటి కరెంటు పనికని మాలకొండయ్యకిచ్చినాం. బజార్లో కంప్యూటర్ షాపు అతనిదే. సింగపూర్ వాటి ఫొటో తీసుకోని రూఫస్ ముందు ధరడిగింది కూడా అతన్నే. పాపం, మేం అతని దగ్గర కొనకపోయినా, మనసులో పెట్టుకోకుండా వైరింగంతా మజూరీకే చేసినాడు."

కామాక్షి ఒక డబ్బాను వెలుతురుకు తిప్పింది. పైన అద్దంలా తుడిచి ఉంది. జడపిన్ను తీసి, ముందువైపు మీట చుట్టూ ఉన్న సన్నటి గాడిలో తిప్పి, తెల్ల చేతిరుమాలుకు రాసింది. పచ్చటి చార పడింది. ముక్కు దగ్గర పెట్టుకొని పెంచలకృష్ణకు అందించింది.

"పసుపక్కా!" అన్నాడతను.

"గమ్మునుండు" అని, ఆమె కరుణాకుమారి వైపు తిరిగింది. "పెట్టెలు విప్పిన రోజు ఏం చేసినారమ్మా?"

"పాస్టరుగారు ప్రార్థన చేసినారు. మిఠాయి పంచినాం. అంతే."

చెన్నై నుంచి పెట్టెలు తెచ్చిన లారీ యజమాని వినోద్ బయటే దొరికాడు. అతని లారీ ముందు అద్దం నిండా పసుపు కుంకాలు, నిమ్మకాయలు. పెంచలకృష్ణకు కేసు తేలిపోయింది.

"వీడే అక్కా! దార్లో ఎక్కడో మార్చేసినాడు. చూడు, బండంతా పసుపే" అని చెవిలో ఊదాడు.

"బండికి పూసిన పసుపు సరుక్కి అంటితే అట్టపెట్టెకి అంటుద్ది. లోపలున్న డబ్బా మీట చుట్టూ ఎట్ట పోతది? పోయినా, తడిగుడ్డతో తుడిచిందెవరు?"

పెంచలకృష్ణ మళ్లీ మొదటికొచ్చాడు.

రూఫస్ పోర్టు గేటు దగ్గర కలిశాడు. సన్నగా, గడ్డం పెరిగి ఉన్నాడు. ఎవరికోసం వచ్చారని కూడా అడగలేదు.

"బయటికి పోయి ఎవరితో మాట్లాడతా ఉండావు బాబూ?"

"సింగపూర్ వాడితోనే. తప్పెవరిదైనా కానీ, ఇంకో పదిహేను పంపు, నా జీతంలో నెలనెలా కట్టుకుంటానని బతిమాలుతా ఉండాను."

"ఇంట్లో చెప్పొచ్చుగా?"

"ఆ సెంటర్ కరుణ ప్రాణం మేడం. నా మూలాన పోయిందని ఏ మొహం పెట్టుకోని చెప్పను?"

నిజంలాగే ఉంది. కానీ అబద్ధాలు కూడా బాగా చెప్పేవాళ్లను పెంచలకృష్ణ చాలామందినే చూశాడు.

*

మర్నాడు కామాక్షి అతన్ని ఒక్కణ్ణే మాలకొండయ్య షాపుకు పంపింది. "కూతురికి సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ కావాలని అడుగు. కొను. చూసిందంతా వచ్చి చెప్పు. నీ తెలివి మాత్రం వాడొద్దు."

అతను కొన్నాడు, వచ్చి పూసగుచ్చినట్టు చెప్పాడు. "మంచి మనిషక్కా. భక్తి జాస్తి. ఆయుధపూజకి పెట్టిన బొట్లు ఇంకా అట్టనే ఉండాయి. యూపీఎస్సుల మీద, డ్రిల్లింగ్ మిషను మీద, మూలన పడేసిన పాడు ప్రింటర్ల మీద కూడా పసుపు, కుంకం. థర్మల్ ప్లాంటు వాళ్లు వేలమేసిన పాత కంప్యూటర్లు కూడా కొన్నాడంట, అవి మాత్రం కనపళ్లా. చౌకలో కావాలంటే లోపల్నించి ఇది తెచ్చినాడు. ఎండాకాలం నుంచి షాపులోనే ఉందంట. అద్దంలాగుంది, మచ్చలేదు."

"మచ్చలేదూ?" కామాక్షి ఆ డబ్బాను చుట్టూ తిప్పి చూసి, జడపిన్ను మళ్లీ బయటికి తీసింది. గాడిలో తిప్పి రుమాలుకు రాసింది. దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆమె నవ్వింది. పెంచలకృష్ణకు ఆ నవ్వు తెలుసు, కానీ ఎందుకో తెలియలేదు.

*

ఆదివారం ఆరాధన ముగిసింది. సంజీవరావు, కరుణాకుమారి, రూఫస్, వినోద్, మాలకొండయ్య, అందరూ హాల్లో కూర్చున్నారు. కమిటీవాళ్లు రాసుకొచ్చిన కంప్లైంటు సంజీవరావు జేబులో ఉంది. రూఫస్ ఎవరి మొహమూ చూడటం లేదు.

పెంచలకృష్ణ కొన్న డబ్బాను కామాక్షి బల్ల మీద పెట్టింది.

"మాలకొండయ్యా, ఇది నీ షాపుదేనా?"

"మాదే మేడం. మీ మనిషా కొనింది? చెప్పుంటే ఇంకా తగ్గించేవాణ్ణి" అన్నాడు మాలకొండయ్య హాయిగా.

"ఎన్నాళ్ల నుంచి ఉండాది నీ దగ్గర?"

"ఎండాకాలం నుంచి."

"దసరాకి షాపులో పూజ చేసినావా?"

"ఎంత మాట! స్క్రూడ్రైవరు కూడా వదలను. పాడైందైనా సరే, బొట్టు పెట్టకుండా ఒక్క వస్తువుండదు నా షాపులో. ఎవర్నైనా అడగండి."

"అడగక్కర్లా. చూసినాం. మరి దీని బొట్టేదీ?"

మాలకొండయ్య డబ్బా వైపు చూశాడు. "తుడిచి అమ్మినా."

"తుడిస్తే పైది పోతది. గాడిలోది పోదు." ఆమె జడపిన్నుతో ఒక చచ్చిన డబ్బాను గీకి, రుమాలు ఎత్తి చూపించింది. పచ్చటి చార. బల్ల మీది డబ్బాను గీకింది. ఏమీ లేదు. "ప్రార్థన తప్ప ఇంకోటి తెలియని ఈ హాల్లో, దసరా పోయాక సింగపూర్ నుంచి దిగిన సరుక్కి పసుపెట్ట అంటింది? స్క్రూడ్రైవర్ని కూడా వదలని నీ షాపులో, ఎండాకాలం నుంచి ఉన్న దీనికి బొట్టెందుకు లేదు? ఎందుకంటే ఆ పండగనాడు ఈ చచ్చిన డబ్బాలు నీ షాపులో ఉండాయి, ఇది ఇంకా సముద్రం మీద ఉండాది."

పెంచలకృష్ణ తన నెత్తిన తనే మొట్టుకున్నాడు. ఆ బొట్లన్నిటినీ తనే చూసొచ్చి, తన నోటితోనే చెప్పాడు మరి.

"ధర ఎంతవుద్దని అడగడానికి రూఫస్ నీ షాపుకి ఫొటో తెచ్చినప్పుడే, ప్లాంటు వేలంలో నువ్వు కొన్న తుక్కూ అదే రకమని నీకు తెలిసింది. కరెంటు పని పేరుతో తాళంచెవి నీ చేతికొచ్చింది. రెండు రోజుల్లో అవి ఇటు, ఇవి అటు మార్చినావు."

"అన్యాయం మేడం! పసుపు చూసి దొంగంటారా?"

"సంజీవరావుగారూ, సింగపూర్ వాడికి మీ ఫోన్నుంచే చేయండి. మీరు నంబరు చెప్పొద్దు. పంపినవాటి నంబర్లు వాణ్ణే చెప్పమనండి."

సంజీవరావు కళ్లజోడు పెట్టుకున్నాడు. అవతల నుంచి గొంతు ఒక్కో నంబరే చదువుతుంటే, షాపులో కొన్న డబ్బా వెనక నంబరు మీద వేలు జరుపుతూ పోల్చుకుంటున్నాడు. ఆరోదో ఏడోదో దగ్గర ఆ వేలు ఆగింది. "ఉంది" అన్నాడు. జేబులోంచి కంప్లైంటు తీసి అడ్డంగా చింపేశాడు.

మాలకొండయ్య తల దించుకున్నాడు. "ఊళ్లో నేనొకణ్ణి షాపు పెట్టుకోనుంటే, పొరుగింటి పుల్లకూర రుచని సముద్రం దాటి తెచ్చుకుంటారా? వీటిని తుక్కు చేస్తే మళ్లీ నా గడపే తొక్కుతారనుకున్నా. మిగతావి మా గొడౌన్లోనే ఉండాయి."

"కోపం మా మీదయితే మమ్మల్ని తిట్టాల్సింది" అన్నాడు సంజీవరావు. "ఆ పిల్లోణ్ణి జైలుకి పంపబోయినాం కదయ్యా!"

వినోద్ లారీ తీశాడు. కమిటీవాళ్లు మాలకొండయ్యను వెంటబెట్టుకొని పక్క వీధిలోని గొడౌనుకు వెళ్లారు. సంజీవరావు పోతూ పోతూ రూఫస్ భుజం తట్టి వెళ్లాడు.

రూఫస్ కామాక్షికి దండం పెట్టాడు. "నా మీద అంత నమ్మకంతో మిమ్మల్ని పిలిపించిందెవరు మేడం?"

కామాక్షి రుమాలు మడతపెట్టుకోసాగింది. పెంచలకృష్ణ కిటికీలోంచి వాన చూడటం మొదలుపెట్టాడు.

"నేనే" అంది కరుణాకుమారి. "నమ్మకంతో కాదు. మీరే చేసినారేమోనని."

రూఫస్ దగ్గరున్న కుర్చీలో కూలబడ్డాడు. "నన్నడిగితే చెప్పేవాణ్ణి కదా" అన్నాడు.

"అడిగినా. ఏం లేదన్నారు."

బయట లారీ తిరిగొచ్చిన చప్పుడైంది.

"మనసు నొచ్చింది కరుణా" అన్నాడు రూఫస్.

"తెలుసు. ఎన్నాళ్లు తిడతారో తిట్టండి, పడతా. మాట్లాడకుండా మాత్రం ఉండొద్దు. ఈ వారం చచ్చిపోయినాను నేను." ఆమెకు ఏడుపు ఆగలేదు.

రూఫస్ మొహం రుద్దుకొని లేచాడు. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగాడు.

"తిట్టేది ఇంటికి పోయాక తిడతా. ముందు రా, రెండో పక్క పట్టు. తడిస్తే మళ్లీ పాడైపోతాయి."

ఇద్దరూ చెరోవైపు పట్టుకొని మొదటి పెట్టె దించారు.