వ్యాను మీద అతికించిన బొమ్మ

తండ్రి ఆ రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. వరసగా ఆరో రోజు. ప్రెస్సులో అక్షరాలు పేర్చే కంపోజిటర్‌గా రిటైరైన మనిషికి పొద్దున్న తొమ్మిదింటికి ఎక్కడ పని? కొడుకు గడ్డం గీసుకుంటూ అద్దంలోంచి ఆయన్నే గమనిస్తున్నాడు.

ప్రభుత్వం మారి నెల కాలేదు. పాతవాళ్ళు పెట్టిన సంచార వైద్యశాలలను కొత్తవాళ్ళు ఎత్తేయలేదు గానీ, ఎన్నికల్లో పాత పార్టీకి ప్రచారం చేసిన సిబ్బందిని ఏరేస్తున్నారు. కొడుకు అలాంటి ఒక వ్యానుకు డ్రైవరు. పోలింగుకు ముందు దాని వెనక తలుపు మీద పాత పార్టీ నాయకుడి బొమ్మ అతికించాడు. దాని ఫోటో ఎలాగో ఆఫీసుకు చేరింది. పది రోజులుగా సస్పెన్షన్. సంజాయిషీకి ఇవాళే గడువు. ఫోటోలో వ్యాను నిలబడి ఉన్నది తమ వాకిట్లోనే.

తండ్రి ముప్ఫై ఏళ్ళుగా ఇప్పుడు గెలిచిన పార్టీ మనిషి. అనుమానానికి సాక్ష్యం అక్కర్లేదు, తీరిక ఉంటే చాలు. ఆయన దగ్గు కూడా ఏదో దాస్తున్నట్టే వినిపిస్తోంది కొడుక్కి.

"ఎక్కడికి నాన్నా?"

"ఊరికే, అలా."

"ఊరికే వెళ్ళేవాడికి జేబులో ఆ కాగితం ఎందుకు?"

"పొద్దున్నే ఏంటండీ ఈ గోల? మావయ్యగారు టిఫినైనా తినలేదు" అంది భార్య వంటింట్లోంచి.

"నువ్వూరుకో. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పడతాను." తండ్రి వైపు తిరిగాడు. "నీ పార్టీ గెలిచిందిగా! కొడుకు ఉద్యోగం కూడా తీయిస్తే గానీ సంబరం పూర్తి కాదా?"

తండ్రి జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. కొడుకు ఆయన జేబులోంచి కాగితం లాగాడు. అచ్చుగుద్దినట్టు గుండ్రటి అక్షరాలు: 'వ్యాను మీద బొమ్మ అతికించినది నేను. నేను ఆ నాయకుడి పార్టీలో పాత కార్యకర్తను. నా కొడుక్కి ఏమీ తెలియదు.' కింద సంతకం.

ఆ పార్టీ కరపత్రాన్ని గడప దాటనివ్వని మనిషి రాసిన మాటలవి. కొడుకు రెండోసారి చదివాడు.

"ఆరు రోజులుగా మీ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నానురా. పెద్దసారు ఇవాళ కలుస్తానన్నాడు."

"మరి... ఫోటో ఇచ్చిందెవరు?"

"అక్కడి గుమాస్తాని అడిగితే నవ్వాడు. 'మీవాడే డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడండీ, మళ్ళీ మనమే అని రాసి మరీ' అన్నాడు. నీ ఫోనులోంచి అదీ నేనే పెట్టానని చెబుదామనుకున్నా."

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది!" అంది భార్య. అనేశాక భర్త ముఖం చూసి ఆగిపోయింది.

ఫోటో తానే పెట్టిన సంగతి అతనికి గుర్తొచ్చింది. నిజానికి ఎప్పుడూ మరిచిపోలేదు. ఈ పది రోజులూ అటు చూడకుండా ఉండటానికే తండ్రిని చూస్తూ కూర్చున్నాడు.

"నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"నన్ను అనుమానిస్తున్నావని తెలుసు. ఎవరో ఒకరిమీద కోపం ఉంటే నీకు కాస్త తేలిగ్గా ఉంటుంది కదా, ఆ ఒక్కరూ నేనే అయితే ఏం పోయిందిలే అనుకున్నా."

కొడుకు కాగితాన్ని నిలువునా చింపేశాడు.

"అతికించింది నేనేనని నేనే రాసిస్తా."

"ఉద్యోగం పోతుందిరా!"

"పోనీ. నీ చేత అబద్ధం రాయించుకుని ఆ వ్యాను నడపలేను."

తండ్రి చిరిగిన ముక్కల కోసం చెయ్యి చాచాడు. కొడుకు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "ముందు టిఫిన్ తిను నాన్నా, ఇద్దరం కలిసే వెళ్దాం" అన్నాడు.